మఠం కప్పులోని కుండలు

24 మే 2024, శుక్రవారం

నిన్న వైశాఖ పున్నమి భజన. పాట నేనే ఎత్తుకున్నాను. మా నాయన పోయిన నాటి నుంచి మఠంలో పాట ఎత్తుకునేది నేనే కాబట్టి ఇందులో రాసుకోవడానికి కొత్తేమీ లేదు. కొత్త సంగతి భజన అయ్యాక జరిగింది. మఠం కమిటీ అధ్యక్షుడు పెద్దులు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చెంబుతో నీళ్లిచ్చాడు. నేను తాగేదాకా ఆగి, "భీమన్నా, ఏమనుకోకు. వెనుక కూసున్నోళ్లకు నీ పాట వినొస్తలేదు" అన్నాడు.

ముప్పై ఏళ్లు బస్సు కండక్టర్‌గా చేసినవాణ్ణి. "మోత్కూర్, మోత్కూర్" అని ఒక్క కేక వేస్తే బస్టాండు అవతల ఛాయ్ తాగేవాళ్లు గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చేవారు. ఆ గొంతు వినపడటం లేదట.

ఖాళీ చెంబు తిరిగిచ్చాను. వాడు ఊరుకోకుండా, "నీ తప్పు కాదే, జాగానే గట్లున్నది. పాతగైంది. కూలగొట్టి స్లాబు ఏసుకుందాం, మైకులు పెట్టుకుందాం" అన్నాడు. పెద్దులు సెంట్రింగ్ సామాను కిరాయికి ఇస్తాడు. అలాంటివాడికి లోకంలో ఏది చూసినా స్లాబు వేయాలనే అనిపిస్తుంది.

26 మే, ఆదివారం

కూలగొట్టే సంగతి తేల్చడానికి జూన్‌లో మీటింగు పెడతారట. అక్కడ కోపమొస్తే నాకు మాట రాదు. అందుకని మా మఠం ఏమిటో ఒకసారి ఇక్కడ వరసగా రాసుకుంటున్నాను.

నిజాం జమానా సంగతి. లింగదాసు తాత గొర్లు కాసేవాడు. ఊరవతల బండ మీద కూర్చుని ఎవరొచ్చినా బోధ చెప్పేవాడు. ఏ కులమని అడిగేవాడు కాదు. సాలెవాళ్లు, కుమ్మరివాళ్లు, గొల్లవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, తోలుపని చేసేవాళ్లు అందరూ ఆయన దగ్గర బోధ తీసుకుని ఒకరికొకరు గురుభాయిలయ్యారు. ఊళ్లో ఒక బావి నీళ్లు తాగనివాళ్లు ఆ బండ మీద ఒక వరసలో కూర్చుని తత్వాలు పాడేవారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది.

తాత సమాధి అయ్యాక పాడుకోవడానికి ఒక ఇల్లు కావాలనుకున్నారు. దొర ఊళ్లో జాగా ఇవ్వలేదు. సరే అని ఆ బండ మీదే మొదలుపెట్టారు. పునాది తవ్వే పనే లేకుండా పోయింది. ఇంటికి దూలాలు కావాలి. చుట్టుపక్కల టేకు చెట్లన్నీ దొరవే, ఒక్క దూలానికైనా ఆయన గడీ ముందు నిలబడాలి. మా వాళ్లు నిలబడలేదు. దూలమే అక్కర్లేని కప్పు వేసుకున్నారు. గోడల మీద నుంచి ఇటుక, సున్నంతో రెండు వైపులా వంచుకుంటూ వచ్చి నడినెత్తిన కలిపేశారు. మఠం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే కమాను. ఒక్క కర్రముక్క లేదు. గానుగలో డంగు సున్నం నూరింది ఆడవాళ్లు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి, పాట పాడుతూ నూరారట.

తలుపు ఒక్కటే, అదీ పొట్టిది. ఎవరైనా వంగి రావాల్సిందే. కట్టాక చూద్దామని దొర ఒకసారి వచ్చాడు. వంగాడు. వంగుతుండగా మా సొంత తాత, మా నాయన తండ్రి చూశాడు. నేను ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా భార్య కృష్ణమ్మ లేచి వంటింట్లోకి పోతుంది. పోనీ.

లోపల విగ్రహం లేదు. తెల్లగుడ్డ పరిచిన ఖాళీ గద్దె ఉంటుంది, అంతే. ఏ రాయి మీదా ఎవరి పేరూ లేదు, చెక్కకూడదని లింగదాసు తాత మాట. పేరుకు బదులు సేవ ఉంది. ఏటా గురుపున్నమి ముందు వారం ప్రతి గురుభాయి ఇంటివాళ్లు వచ్చి తమ వంతు జాగాకు తమ చేత్తో సున్నం వేయాలి. మా ఇంటి వంతు కప్పు. మా తాత వేశాడు, మా నాయన వేశాడు, నేను వేస్తున్నాను. ఒక చేయి పూత వేస్తే చాలు, నేను రెండు చేతులు వేస్తాను. ఎక్కడా గుంట కనపడదు, గీత కనపడదు. మా మఠం కప్పు కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉంటుంది. చూసినవాళ్లంతా అదే మాట అంటారు.

దీన్ని కూలగొడతాడట పెద్దులు.

2 జూన్, ఆదివారం

స్కూల్లో జెండా వందనం. రాష్ట్రం వచ్చి పదేళ్లయిందని పిల్లలకు లడ్డూలు పంచారు. అక్కడే పెద్దులు జేబులోంచి కాగితం తీసి కొత్త మఠం బొమ్మ చూపించాడు. కింద ఫంక్షన్ హాలు, పైన భజన హాలు, నున్నటి టైల్సు, నాలుగు మూలలా స్పీకర్లు. బాగుందన్నారు. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. తలుపు మాత్రం ఏనుగు పట్టేంత పెద్దది.

5 జూన్

గొంతులో గరగర. దుమ్ము.

9 జూన్, ఆదివారం

కృష్ణమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చింది. తాగుతుంటే ఎదురుగా కూర్చుని, "ఇగో, నువ్వు జర ఊపిరి సంబాళించుకో. రెండో చరణంల నీకు కష్టమైతాంది" అంది.

నా భార్యకు పాట గురించి తెలుసా అంటే తెలుసు. బోధ తీసుకున్న మనిషి, తత్వాలన్నీ నోటికి వచ్చు. భజనలో నా వెనుకే కూర్చుని సన్నగా అందుకుంటుంది. అది మంచిదే. కానీ ఈ మధ్య కొంచెం గట్టిగా అందుకుంటోందని నాకనిపించింది. అదే చెప్పాను. "జర మెల్లగ పాడు. నా పాటకు అడ్డమొస్తుంది" అన్నాను. సరే అని గ్లాసు తీసుకుని పోయింది.

13 జూన్, గురువారం

మోత్కూర్ దవాఖానకు వెళ్లాను. కృష్ణమ్మ పోరు పడలేక వెళ్లాను. డాక్టరమ్మ నోరు తెరిపించి లైటు వేసి చూసింది. వయసు అంది, తక్కువ మాట్లాడమంది, పాడటం తగ్గించమంది. ఆ అమ్మాయి పుట్టకముందు నుంచి పాడుతున్నవాణ్ణి.

దుమ్మే. మఠం కిటికీల్లోంచి వస్తోంది. బట్ట కట్టించాలి.

22 జూన్, శనివారం

నిన్న ఏరువాక పున్నమి. సాయంత్రం భజన మొదలయ్యేసరికి గాలివాన. మైకు పెడదామన్నారు, నేను వద్దన్నాను. రెండో తత్వంలో ఉండగా పైనుంచి చప్పుడైంది. కప్పు నుంచి పళ్లెమంత పెచ్చు ఊడి మద్దెల వాయించే హనుమంతుకూ గోడకూ మధ్య పడింది. ఎవరికీ తగల్లేదు, గురువు దయ. హనుమంతు మద్దెలను ఒళ్లోకి లాక్కుని అలాగే కూర్చుండిపోయాడు.

పెచ్చు బెత్తెడు మందం ఉంది. ఊడిన చోట గుండ్రటి నల్లటి రంధ్రం.

"చూసినవా భీమన్నా," అన్నాడు పెద్దులు. "మనిషి పాణం పోతే ఎవలు జవాబు చెప్తరు? ఇంజినీరును పిలుస్తున్న. కూలగొట్టమని ఆయన రాసిస్తే ఇగ నువ్వు అడ్డం రావొద్దు."

వాడి మాటలో తప్పేమీ లేదు. అందుకే మరీ మండింది.

25 జూన్, మంగళవారం

ఇంజినీరు వచ్చాడు. సుత్తితో గోడలంతా కొట్టి చూశాడు, నిచ్చెన వేయించి కప్పు చూశాడు. దిగి, "కప్పు గట్టిగ ఉంది. ఊడుతున్నది మీరు వేసిన సున్నమే. పొర మీద పొర వేసి బరువు చేశారు. దీన్ని కూల్చమని నేను రాయలేను" అన్నాడు. పెద్దులు ముఖం చూడాల్సింది.

"మరి గా రంధ్రం ఏంది సార్?" అని హనుమంతు అడిగాడు. ఇంజినీరు తనకు తెలియదన్నాడు.

నేనే ఎక్కాను. కృష్ణమ్మ కింద నిచ్చెన పట్టుకుంది. రంధ్రంలో చేయి పెడితే మోచేయి దాకా పోయింది. లోపల చల్లగా, గుండ్రంగా ఉంది. వేళ్లతో తడిమితే చుట్టూ గీతలు తగిలాయి. సారె మీద తిప్పుతూ లోపలి నుంచి కుమ్మరి వేళ్లు లాగిన గీతలు. అది కుండ. కప్పులో కుండను పెట్టి, నోరు మా వైపు ఉంచి, చుట్టూ ఇటుక కట్టేశారు.

అంతా గోల. అప్పుడు గడప దగ్గర కూర్చున్న అమృతమ్మ అవ్వ మాట్లాడింది. కుమ్మరివాళ్ల ఇంటి పెద్దకోడలు ఆమె. మోకాళ్లు వంగక ఎప్పుడూ గడప దగ్గరే కూర్చుంటుంది.

"మా మామ అంటుండె కొడుకా. మన కుండలు మఠంల పాడుతయే అంటుండె. కల్లు తాగి అంటుండనుకున్న."

పక్కన కట్టెతో తట్టి చూశాను. బోలుగా మోగింది. ఇంకొంచెం అవతల తట్టాను. అక్కడా మోగింది.

25 జూన్, మళ్లీ

పొద్దుటి సంగతి రాసి పక్కన పెట్టాను కానీ కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఇప్పుడర్థమైంది. దూలం లేకుండా కప్పు వేసినవాళ్లు పాటకు కూడా కప్పులోనే జాగా పెట్టారు. మనిషి పాడితే కుండలు అందుకుంటాయి. కుండల నోళ్లు మూసుకుపోయాయి కాబట్టి పాట మందగించింది. నా గొంతుకేమీ కాలేదు. నేను ముందు నుంచీ అదే అంటున్నాను.

కృష్ణమ్మకు చెప్పాను. విన్నది. "మరి మూసిందెవలు?" అంది.

మా తాత, మా నాయన, నేను. ఏటా ఒక చేయి, నేనైతే రెండు చేతులు. గుంట కనపడితే నింపడం, గీత కనపడితే పూడ్చడం. లోపల కుండలున్నాయని తెలియకుండా మూయడం వేరే సంగతి, కానీ అంత శ్రద్ధగా మూయడం మాత్రం మా ఇంటివాళ్లకే చెల్లింది. ఇదే మాట అంటే కృష్ణమ్మ చాలాసేపటి వరకు నవ్వుతూనే ఉంది. నాకు మొదట కోపమొచ్చింది, తర్వాత నాకూ నవ్వొచ్చింది.

27 జూన్, గురువారం

మీటింగు. భయపడినట్టే అయింది, రాసుకున్నదంతా మర్చిపోయాను. దూలం సంగతి చెప్పాను, దొర వంగిన సంగతి చెప్పాను. తర్వాత కుండల నోళ్లు తెరుద్దామన్నాను.

"తెరిస్తే ఏమైతది?" అన్నాడు పెద్దులు. "నాకు మఠం మీద కోపమా అన్నా? మా నాయనను గీ గద్దె ముందటనే పండుకోబెట్టి పాడినం. కాని పిల్లలు వస్తలేరు. వెనుక కూసుంటే ఒక్క ముక్క వినొస్తలేదు అంటున్నరు. పాట వినొస్తలేని మఠం ఎందుకు?"

నేను పందెం లాంటి మాట ఒకటి అనేశాను. గురుపున్నమి నాడు మైకు లేకుండా నేను పాడతాను, గడప దగ్గర అమృతమ్మ అవ్వకు మాట మాట వినపడితే మఠం ఇలాగే ఉండాలి, లేకపోతే కూలగొట్టుకోండి, నేను నోరెత్తను.

పెద్దులు అందరి వైపూ చూశాడు. "అవ్వ ఎట్ల చెప్తే గట్ల. మాట మీద ఉంటవా?"

"ఉంట" అన్నాను. కృష్ణమ్మ నా వైపు చూడలేదు.

3 జూలై

దగ్గు. పాత సున్నం గీకుతుంటే రాకుండా ఉంటుందా.

8 జూలై, సోమవారం

ఈ ఏడు సున్నం సేవ ముందుగానే మొదలైంది, అదీ తిరగబడి. ప్రతి ఇంటివాళ్లు వచ్చి సున్నం వేయడానికి బదులు ఒక్కో కుండ నోరు తెరవాలని అనుకున్నాం. కట్టె సుత్తితో తట్టడం, బోలుగా మోగిన చోట మొండి ఉలితో మెల్లగా పెచ్చు లేపడం. పైకెక్కడానికి సామాను పెద్దులే పంపాడు. కొత్త స్లాబు కోసం తెచ్చి పెట్టుకున్న సెంట్రింగ్ కర్రలు. కిరాయి మాటెత్తితే కసిరాడు. వాడి ఇంటి వంతు కుండను వాడే తెరిచాడు. లోపల చేయి పెట్టి, తీయకుండా కాసేపు అలాగే ఉన్నాడు. "సల్లగున్నది అన్నా" అన్నాడు.

ఒక్కో కుండ నోరు బయటపడుతుంటే కింద అమృతమ్మ అవ్వ తన పిల్లలను లెక్కపెట్టుకున్నట్టు వేళ్లు మడుస్తోంది. అన్నీ ఒక సైజువి కావు. గద్దె వైపు పెద్దవి, గడప వైపు వచ్చేకొద్దీ చిన్నవి. ఎవరు ఏ ఆలోచనతో పెట్టారో చెప్పేవాళ్లు లేరు. పేర్లు చెక్కుకోనివాళ్లు ఇక ఈ సంగతి ఎందుకు చెక్కుతారు.

14 జూలై, ఆదివారం

పని అయిపోయింది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్లాక నేను గద్దె పక్కన కూర్చుని పల్లవి ఒక్కటి ఎత్తుకున్నాను. లింగదాసు తాత తత్వం.

పిలిచి చూడవె మనసా, ఖాళీ ఇంట ఎవరున్నరో.

ఏమని రాయాలి. నేను ఆపాక కూడా పాట పోలేదు. నెత్తి మీద నుంచి నిండుగా వచ్చి, గోడల మీదుగా దిగి, గడప దాకా నడిచి వెళ్లినట్టనిపించింది. వందేళ్ల కిందటి మా వాళ్లు పక్కన కూర్చుని వంత పాడినట్టుంది. ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు, ఇది నా డైరీ.

కృష్ణమ్మ పెచ్చులు ఊడుస్తోంది. చీపురు ఆపి, "రెండో చరణం గూడ పాడు" అంది.

పున్నమికి దాచుకుంటున్నానన్నాను.

19 జూలై

దగ్గు లేదు. గొంతు బాగుంది. చాలా బాగుంది.

21 జూలై, గురుపున్నమి

మఠం నిలిచింది. మిగతాది రేపు.

22 జూలై, సోమవారం

వరసగా రాస్తాను.

నిన్న సాయంత్రం మఠం నిండిపోయింది. మోత్కూర్ నుంచి కూడా వచ్చారు. మైకు తీయించి పెద్దులే బయట పెట్టించాడు. అమృతమ్మ అవ్వ గడప దగ్గర. నేను గద్దె పక్కన నా చోట. నా వెనుక కృష్ణమ్మ. హనుమంతు మద్దెల మీద చేయి వేశాడు.

పల్లవి ఎత్తుకున్నాను. కప్పు అందుకుంది. పిల్లలు మాట్లాడటం ఆపి పైకి చూశారు. మొదటి చరణం బాగా పాడాను, అది నాకు తెలుసు. రెండో చరణంలో "పిలుపు" అనే మాట దగ్గర పై స్వరానికి వెళ్లి నిలబడాలి. వెళ్లాను. నిలబడలేకపోయాను. గొంతు పీలిక అయి తెగిపోయింది. ఎక్కడ తెగిందో కప్పు దాచకుండా నాకే తిరిగి చెప్పింది. ఇన్నేళ్లూ సున్నం కప్పి ఉంచింది దాన్నే.

కానీ పాట తెగలేదు. నేను వదిలేసిన చోటి నుంచే ఒక గొంతు పైకెళ్లి, నిలబడి, మఠమంతా నిండింది. మొదట కుండల్లోంచి వస్తోందనుకున్నాను. నా పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. హనుమంతు వేలు ఒక్కసారి కూడా తడబడలేదు. వాడు నా వైపు చూడటం లేదు, నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. ఎప్పుడూ అటే చూస్తాడు. గద్దెకు దండం పెడుతున్నాడనుకునేవాణ్ణి.

వెనక్కి తిరిగాను. కృష్ణమ్మ కళ్లు మూసుకుని పాడుతోంది. కొత్తగా అందుకున్నట్టు లేదు. రోజూ మోసే బిందెను ఎత్తుకున్నట్టు మామూలుగా పాడుతోంది. ఎన్ని పున్నముల నుంచి మోస్తోందో నాకు తెలియదు. అడిగితే చెప్పదు.

తత్వం అయిపోయింది. పెద్దులు గడప దగ్గరికి వెళ్లి వంగి, "అవ్వా, వినపడ్డదా?" అని అడిగాడు.

"వినపడకేంది," అంది అమృతమ్మ. "కృష్ణమ్మ పాట నాకు ఎప్పుడు వినొస్తనే ఉంటది. మునుపు సన్నగ వినొస్తుండె. ఇయ్యాల నా పక్కపొంటి కూసొని పాడినట్టున్నది."

ఆ మాట కూడా కప్పు అందుకుని అందరికీ వినిపించింది. మఠంలో ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ తగిలింది. పెద్దులు జేబులోంచి స్లాబు బొమ్మ కాగితం తీసి మడతల మీద మడతలు పెట్టి, "ఇగ ఫికర్ లేదు. మఠం గిట్లనే ఉంటది" అన్నాడు. భజన తాళాలు మోగాయి. అవి మోగుతుండగా నేను లేచాను.

మఠంలో పాట ఎత్తుకోవడానికి ఆడ, మగ అని లేదు. బోధ తీసుకుంటే చాలు. లింగదాసు తాత పెట్టిన పద్ధతే అది. మా ఇంట్లోనే ఎందుకో ఎవరికీ తట్టలేదు. నేను పక్కకు జరిగి, కృష్ణమ్మను నా చోటికి రమ్మని చెయ్యి చూపించాను.

"నీకేమైంది?" అంది.

"మోకాలు నొస్తుంది. ఇక్కడ కూసుంటే కాలు చాపరాదు" అన్నాను.

"నీ మోకాలుకేమైంది? మొన్నటిదాక నిచ్చెన ఎక్కి దిగినవ్."

"ఎక్కినందుకే."

కాసేపు నా ముఖం చూసింది. వచ్చి కూర్చుంది. కొంగు సర్దుకుని, గద్దెకు దండం పెట్టుకుని, తర్వాతి తత్వం ఎత్తుకుంది. నేను ఆమె వెనుక, ఇన్నేళ్లూ ఆమె కూర్చున్న చోట కూర్చున్నాను. అక్కడి నుంచి కప్పు మొత్తం కనపడుతుంది. నా చోటి నుంచి ఎప్పుడూ కనపడలేదు. కుండల నోళ్లన్నీ వరసగా, మా తాతలు మూసినవి, మేము తెరిచినవి. చూస్తూ చూస్తూ నేను కూడా పాట అందుకున్నాను.

చరణానికీ చరణానికీ మధ్య ఆమె వెనక్కి తిరిగింది.

"జర మెల్లగ పాడు. నా పాటకు అడ్డమొస్తుంది."

మెల్లగా పాడాను. ఆమె పాట నెత్తి మీదుగా వెళ్లి గడప దాకా నిండుగా చేరింది. పొట్టి తలుపులోంచి వంగి లోపలికి వచ్చేవాళ్లు వంగినవాళ్లు వంగినట్టే ఆగి విన్నారు. దూలమడగకుండా ఆ కప్పు వేసింది మా వాళ్లు. ఆ గొంతు మా ఇంటిది. మా నాయన ఉండి వినాల్సింది.

ఈ రోజు మోకాలు నొప్పి లేదు. నిన్న కూడా లేదు.